నగరంలో ఉద్యోగాలు పెరిగాయి, సగటు వేతనం పెరిగింది అనే వాదనను ఎలా పరీక్షించాలి?

“గత మూడేళ్లలో మన నగరంలో 20,000 కొత్త ఉద్యోగాలు వచ్చాయి, సగటు వేతనం 14 శాతం పెరిగింది, కాబట్టి నగరంలో పనిచేసేవారి పరిస్థితి మెరుగుపడింది.” ఇటువంటి వాక్యం ఎన్నికల ప్రసంగంలోనో, వార్షిక నివేదికలోనో, వాదన విశ్లేషణ అడిగే పోటీ పరీక్ష ప్రశ్నపత్రంలోనో ఎదురైనప్పుడు దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదని పాఠకులు తరచుగా రాస్తున్నారు. అంకెలు నిజమే అయినప్పుడు ముగింపు తప్పెలా అవుతుందనేది వారిలో ఎక్కువమంది సందేహం. అంకెలన్నీ నిజమైనా ముగింపు తప్పు కావచ్చు. అది ఎలా జరుగుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో ఈ మార్గదర్శిలో వరుసగా చూపిస్తాను. ఉదాహరణలలోని అంకెలకు ద్రవ్యం పేరు పెట్టలేదు, ఏ దేశపు ద్రవ్యంలో అనుకున్నా లెక్క మారదు.

కావలసినవి

- వాదన మూలపాఠం, యథాతథంగా. పత్రికలో వచ్చిన సారాంశం చాలదు, ఎందుకంటే “కల్పించాం”, “కల్పిస్తాం”, “కల్పించే అవకాశం ఉంది” అనే మూడూ సారాంశంలో ఒకటే అయిపోతాయి.
- పోలిక మొదలైన సంవత్సరానికీ ముగిసిన సంవత్సరానికీ మొత్తం ఉద్యోగాల సంఖ్య, సగటు వేతనం. రంగాలవారీగా దొరికితే ఇంకా మంచిది.
- అదే కాలానికి వినియోగదారుల ధరల సూచీ, అంటే మామూలు కుటుంబం కొనే సరుకుల ధరలు ఎంత మారాయో చూపే అంకె.
- పోల్చి చూడటానికి అటువంటి మరొక నగరం అంకెలు, లేదా కనీసం ఆ ప్రాంతం మొత్తానికి సంబంధించిన అంకెలు.
- కాగితం, కలం, మామూలు క్యాలిక్యులేటర్. కూడిక, గుణకారం, భాగహారం తప్ప ఇందులో వేరే గణితం లేదు.

పరీక్షకు సిద్ధమవుతున్నవారికి అంకెలు దొరకవు. అయినా ఇవే మెట్లు పనికొస్తాయి. అంకె ఉండవలసిన చోట “ఈ సమాచారం తెలిస్తే వాదన బలపడుతుందా, బలహీనపడుతుందా” అన్న ప్రశ్న వేసుకుని, రెండు వైపులా ఒక్కో వాక్యం రాసుకోవాలి.

1. వాదనను విడదీసి రాసుకోండి

కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో చూపిన సాక్ష్యాలు, మూడో భాగంలో ముగింపు రాయండి. నడుమ భాగంలో, సాక్ష్యం నుంచి ముగింపుకు చేరడానికి మనం నమ్మవలసివచ్చే, కానీ వాదనలో ఎక్కడా చెప్పని విషయాలు రాయండి. పైన ఇచ్చిన వాదనలో అవి కనీసం ఐదు ఉన్నాయి: పోయిన ఉద్యోగాలను తీసివేశాకే 20,000 అన్నారని, సగటు పెరిగిందంటే ముందునుంచీ పనిచేస్తున్నవారి జీతాలూ పెరిగాయని, ధరలు అంతకన్నా వేగంగా పెరగలేదని, ఆ ఉద్యోగాలు నగరంలో నివసించేవారికే దక్కాయని, రెండు కొలతలూ ఒకే హద్దుల మధ్య ఒకే పద్ధతిలో తీసుకున్నారని.

ఇక మీ పని అంతా ఈ నడుమ భాగంతోనే. చాలామంది మొదటి భాగంలోని అంకెలు అబద్ధమని నిరూపించే ప్రయత్నంలో సమయం పోగొట్టుకుంటారు. ఇటువంటి వాదనలు అంకెల దగ్గర కన్నా చెప్పకుండా వదిలేసిన చోటే ఎక్కువగా విరిగిపోతాయి.

2. “ఉద్యోగం” అని దేన్ని లెక్కపెట్టారో తేల్చుకోండి

ముందుగా అడగవలసినది ఇది స్థూల సంఖ్యా (వచ్చినవన్నీ), నికర సంఖ్యా (పోయినవి తీసివేశాక మిగిలినవి) అని. ఏ నగరంలోనైనా ప్రతి ఏడాదీ కొన్ని సంస్థలు మూతపడతాయి, కొన్ని తెరుచుకుంటాయి. తెరుచుకున్నవాటిని మాత్రమే కూడితే క్షీణిస్తున్న నగరంలో కూడా వేల కొత్త ఉద్యోగాలు కనిపిస్తాయి. వాదనలో “వచ్చాయి”, “సృష్టించాం” అన్న మాటలే ఉండి, “పోయినవి పోను” అన్న మాట లేకపోతే ఆ సంఖ్య స్థూలమని అనుకుని ముందుకు వెళ్లండి. తప్పని తేలితే తర్వాత సవరించుకోవచ్చు.

రెండోది, అవి ఇప్పటికే ఎవరో ఒకరు పనిచేస్తున్న ఉద్యోగాలా, ఒప్పంద పత్రాల మీద ఉన్న ఉద్యోగాలా? పెట్టుబడి ఒప్పందం కుదిరిన రోజున ప్రకటించే ఉద్యోగాల సంఖ్య ఒక అంచనా మాత్రమే, దాన్ని జీతాల పట్టికతో సరిపోల్చేదాకా ఉద్యోగాల లెక్కలో చేర్చకండి.

మూడోది నమోదుకు సంబంధించినది. భవిష్య నిధి, సామాజిక బీమా వంటి పథకాల్లో కొత్తగా చేరిన పేర్ల సంఖ్యను కొత్త ఉద్యోగాల సంఖ్యగా చూపడం మామూలైపోయింది. ఒక సంస్థలో పదేళ్లుగా నమోదు లేకుండా పనిచేస్తున్న వ్యక్తి పేరు ఈ ఏడాది పట్టికలోకి ఎక్కితే అతనికి మేలు జరిగినట్టే, అందులో సందేహం లేదు. అయితే నగరంలో కొత్త ఉద్యోగం మాత్రం పుట్టలేదు.

నాలుగోది, మనుషులను లెక్కించారా, కొలువులను లెక్కించారా అన్నది. ఇళ్లకు వెళ్లి అడిగే సర్వేలో రెండు చోట్ల పనిచేసే వ్యక్తి ఒక్కరే. సంస్థల జీతాల పట్టికల నుంచి తీసిన లెక్కలో అదే వ్యక్తి రెండు ఉద్యోగాలుగా కనిపిస్తాడు. ఒక సంవత్సరానికి ఒక రకం లెక్క, మరొక సంవత్సరానికి ఇంకో రకం లెక్క వాడారేమో చూడండి. వాడి ఉంటే ఆ పోలికను పక్కన పెట్టడమే మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 1982లో జరిగిన కార్మిక గణాంకవేత్తల 13వ అంతర్జాతీయ సమావేశం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, సర్వే జరిపే వారంలో కనీసం ఒక గంట పనిచేసినవారు కూడా ఉపాధి ఉన్నవారి కిందికే వస్తారు. 2013లో 19వ సమావేశం నిర్వచనాన్ని సవరించి, వేతనం కోసమో లాభం కోసమో చేసే పనికే ఉపాధి అనే మాటను పరిమితం చేసినా, ఒక గంట ప్రమాణాన్ని మాత్రం అలాగే ఉంచింది. దానికి తగిన కారణాలు ఉన్నాయి, అది మోసం కాదు. కానీ “ఉపాధి పొందినవారి సంఖ్య పెరిగింది” అన్న వాక్యం నుంచి “అంతమందికి జీవనాధారం దొరికింది” అన్న ముగింపుకు వెళ్లకూడదు. పని గంటల వివరం దొరికితే తప్పనిసరిగా చూడండి.

3. హద్దులు, కాలం సరిచూడండి

దీనికి ఎక్కువ సమయం పట్టదు. పోలిక జరిగిన కాలంలో చుట్టుపక్కల గ్రామాలో శివారు పట్టణాలో నగరంలో విలీనమయ్యాయా? అయితే పెరుగుదలలో కొంత పటం మీదే జరిగింది. లెక్క నగరంలో పనిచేసేవారిదా, నివసించేవారిదా? ప్రతిరోజూ బయటి నుంచి వచ్చిపోయేవారు ఎక్కువగా ఉన్న నగరంలో ఈ రెండు సగటులు బాగా దూరంగా ఉండవచ్చు.

కాలం విషయంలో ఆధార సంవత్సరాన్ని, అంటే పోలిక మొదలైన సంవత్సరాన్ని, అనుమానంతో చూడండి. మాంద్యం అట్టడుగుకు చేరిన ఏడాది నుంచి కొలిస్తే ఏ పాలన అయినా ఘనంగానే కనిపిస్తుంది. ఆధార సంవత్సరాన్ని ఒక ఏడాది ముందుకూ ఒక ఏడాది వెనక్కూ జరిపి చూడండి. ముగింపు తారుమారైతే ఆ వాదన మొత్తం ఆ ఒక్క ఏడాదిపైనే నిలబడి ఉందన్నమాట. నెలల అంకెలైతే నిరుటి అదే నెలతో పోల్చాలి, కిందటి నెలతో కాదు.

4. సగటులోకి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లిపోయారు?

మిగిలిన అన్ని మెట్ల కన్నా ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. సగటు వేతనం రెండు దారుల్లో పెరుగుతుంది. ఉన్నవారి జీతాలు పెరగడం ఒక దారి. తక్కువ జీతంవారు లెక్కలోంచి తొలగిపోవడమో, ఎక్కువ జీతంవారు లెక్కలోకి చేరడమో రెండోది. పైకి కనిపించే సగటు ఈ రెండింటినీ వేరు చేసి చూపదు.

ఒక నగరాన్ని ఊహించుకుందాం. మొదటి ఏడాది అక్కడ లక్ష ఉద్యోగాలు ఉన్నాయి. వాటిలో 60,000 ఉద్యోగాలకు నెల వేతనం 15,000, మిగిలిన 40,000 ఉద్యోగాలకు 40,000. మొత్తం మీద సగటు 25,000. మూడేళ్ల తర్వాత తక్కువ జీతపు ఉద్యోగాలు 45,000కు తగ్గాయి, వాటి వేతనం కూడా 14,500కు దిగింది. ఎక్కువ జీతపు ఉద్యోగాలు 60,000కు పెరిగాయి, కానీ వాటి వేతనం 39,000కు దిగింది. ఇప్పుడు మొత్తం 1,05,000 ఉద్యోగాలు. సగటు కట్టి చూడండి, 28,500 వస్తుంది. అంటే 14 శాతం పెరుగుదల.

ఈ నగరం గురించి “20,000 కొత్త ఉద్యోగాలు, 14 శాతం అధిక వేతనం” అని ప్రకటిస్తే అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అయినా రెండు వర్గాల్లోనూ వేతనం తగ్గింది. 15,000 ఉద్యోగాలు పోయాయి, నికరంగా పెరిగినవి 5,000 మాత్రమే. వర్గాలుగా విడదీసినప్పుడు కనిపించే దిశ, కలిపి చూసినప్పుడు ఇలా తలకిందులు కావడాన్ని గణాంక శాస్త్రంలో సింప్సన్ వైపరీత్యం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీన్ని వివరించాడు.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. కొత్త వేతనాలను పాత వాటాలతో గుణించండి. పై నగరంలో పాత వాటాలు 60 శాతం, 40 శాతం. 14,500లో 60 శాతం 8,700, 39,000లో 40 శాతం 15,600, కలిపితే 24,300. ఉద్యోగాల కూర్పు మారకుండా ఉండి ఉంటే సగటు 25,000 నుంచి 24,300కు దిగేదన్నమాట. పైకి కనిపించిన 3,500 పెరుగుదల అంతా, ఆపై మరో 700 కూడా, కూర్పు మారడం వల్ల వచ్చినవే. రంగాలవారీ అంకెలు దొరికినప్పుడల్లా ఈ లెక్క చేయండి, ఐదు నిమిషాలకు మించి పట్టదు.

ఇది కాగితం మీద కల్పించిన చిక్కు కాదు. 2020 ఏప్రిల్‌లో కరోనా కారణంగా అమెరికాలో వ్యాపారాలు మూతపడినప్పుడు ఒక్క నెలలో 2 కోట్ల 5 లక్షల ఉద్యోగాలు పోయాయని, నిరుద్యోగిత 14.7 శాతానికి చేరిందని ఆ దేశపు కార్మిక గణాంకాల సంస్థ ఆ నెల నివేదికలో ప్రకటించింది. ప్రైవేటు రంగ ఉద్యోగుల సగటు గంట వేతనం 1.34 డాలర్లు పెరిగి 30.01 డాలర్లకు చేరిందని కూడా అదే నివేదికలో ఉంది. ఇది ప్రధానంగా యజమానులు జీతాలు పెంచడం వల్ల జరిగినది కాదు. హోటళ్లలో, దుకాణాల్లో తక్కువ జీతానికి పనిచేసేవారే ఎక్కువగా పని పోగొట్టుకోవడంతో, మిగిలినవారి సగటు పైకి లేచింది. సగటు వేతనం పెరగడాన్ని శుభవార్తగా చదివే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క నివేదికను గుర్తుంచుకుంటే చాలు.

దీనికి ఎదురు దిశలో జరిగేదాన్నీ మరచిపోవద్దు, ఎందుకంటే విమర్శించేవారు కూడా ఇదే తప్పు చేస్తారు. లక్షమంది 25,000 చొప్పున సంపాదిస్తున్న నగరంలో అందరి జీతం 5 శాతం పెరిగి 26,250 అయిందనుకోండి. అప్పటిదాకా పని లేని 20,000 మందికి 15,000 జీతంతో పని దొరికింది. కొత్త సగటు 24,375. అంటే సగటు రెండున్నర శాతం తగ్గింది, కానీ ఆ నగరంలో నష్టపోయినవారు ఒక్కరూ లేరు. “సగటు వేతనం పడిపోయింది కాబట్టి నాసిరకం ఉద్యోగాలు వచ్చాయి, జనం నష్టపోయారు” అన్న వాదన కూడా ఇదే మెట్టు దగ్గర ఆగిపోతుంది.

రంగాలవారీ వివరాలు లేకపోతే ప్రత్యామ్నాయాలు రెండు. మధ్యగత వేతనం దొరుకుతుందేమో చూడండి. అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న వ్యక్తి జీతమే మధ్యగతం, పై అంచున కొద్దిమంది జీతాలు విపరీతంగా పెరిగినా అది పెద్దగా కదలదు. అయితే కూర్పు మారితే మధ్యగతం కూడా మారుతుంది, కాబట్టి అదే సర్వరోగ నివారిణి అనుకోవద్దు. రెండో ప్రత్యామ్నాయం ఇంకా మెరుగైనది: రెండు సంవత్సరాల్లోనూ పనిలో ఉన్న అదే వ్యక్తుల జీతాలు ఎంత మారాయో చెప్పే లెక్క. దొరకడం అరుదు, దొరికితే వదలకండి.

5. కొత్త ఉద్యోగాల వేతనాన్ని మీరే రాబట్టండి

మొత్తం ఉద్యోగాలు, సగటు వేతనం అనే రెండు అంకెలు రెండు సంవత్సరాలకూ ఉంటే, వాదనలో చెప్పని ఒక అంకెను మీరే బయటికి తీయవచ్చు. సగటును సంఖ్యతో గుణిస్తే మొత్తం జీతాల బిల్లు వస్తుంది. రెండో ఏడాది బిల్లులోంచి మొదటి ఏడాది బిల్లు తీసివేసి, పెరిగిన ఉద్యోగాలతో భాగించండి.

ఉదాహరణకు, 2,00,000 ఉద్యోగాలు 24,000 సగటుతో ఉంటే నెలకు జీతాల బిల్లు 480 కోట్లు. తర్వాత 2,20,000 ఉద్యోగాలు, సగటు 25,200 అంటే బిల్లు 554 కోట్ల 40 లక్షలు. తేడా 74 కోట్ల 40 లక్షలు. దాన్ని 20,000తో భాగిస్తే 37,200. పాతవారి జీతాలు ఏమాత్రం పెరగలేదనుకుంటే, కొత్త ఉద్యోగాలు సగటున 37,200 ఇస్తూ ఉండాలి. ఇప్పుడు వాదనలో పేర్కొన్న కొత్త సంస్థలు ఏమిటో చూడండి. అవి గిడ్డంగులు, సరుకు చేరవేసే సంస్థలు, చిల్లర దుకాణాలు అయితే అంత జీతం వచ్చే అవకాశం లేదు, కాబట్టి పెరుగుదల వేరే చోటునుంచి వచ్చింది. పాతవారందరికీ 5 శాతం పెరిగిందనుకుని మళ్లీ లెక్కిస్తే, పాతవారి బిల్లు 504 కోట్లు అవుతుంది, మిగిలిన 50 కోట్ల 40 లక్షలను 20,000 మందికి పంచితే ఒక్కొక్కరికి 25,200. అంటే అవే అంకెలు రెండు వేర్వేరు కథలకు సరిపోతున్నాయి. ఏ కథ నిజమో తేల్చడానికి ఇంకే సమాచారం అడగాలో ఇప్పుడు మీకు తెలిసింది: పాత ఉద్యోగుల జీతం ఎంత పెరిగింది?

హెచ్చరిక: ఈ లెక్కలో వాడేది నికర పెరుగుదల. స్థూల సంఖ్యతో భాగిస్తే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు.

6. “ఎక్కువ జీతాలిచ్చే రంగాల్లో” అనే మాట కనిపిస్తే ఆగండి

“కొత్త ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు, సగటు కన్నా ఎక్కువ వేతనం ఇచ్చే రంగాల్లోనే వచ్చాయి” అన్న వాక్యం చదవగానే ఆ ఉద్యోగాలకే ఎక్కువ వేతనం వస్తుందని మనసు తనంతట తానే అర్థం చేసుకుంటుంది. వాక్యం మాత్రం అలా చెప్పలేదు. ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసే వైద్యుడూ ఉంటాడు, వార్డు శుభ్రం చేసే మనిషీ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రోగ్రామర్ల పక్కనే గేటు దగ్గర కాపలా ఉండేవారూ పనిచేస్తారు. రంగం సగటు అందులో ఇప్పటికే ఉన్న అందరిదీ, కొత్తగా చేరినవారిది కాదు. పైగా కొత్తగా చేరేవారి జీతం అనుభవజ్ఞుల జీతం కన్నా సాధారణంగా తక్కువే ఉంటుంది. మిగిలిన మూడో వంతు ఉద్యోగాలు ఎంత తక్కువ ఇస్తున్నాయో కూడా ఆ వాక్యం చెప్పదు.

ఇలా రంగం గురించి చెప్పి ఉద్యోగం గురించి నమ్మించే వాక్యాన్ని చూసినప్పుడు, వృత్తులవారీ వేతనాలు అడగండి.

7. ధరలు, గంటలు

ద్రవ్య వేతనాన్ని (చేతికి అందే అంకెను) వాస్తవ వేతనంగా (ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకున్నాక మిగిలే కొనుగోలు శక్తిగా) మార్చకుండా ఏ ముగింపూ రాయవద్దు. సగటు వేతనం 14 శాతం పెరిగింది, అదే కాలంలో ధరలు 16 శాతం పెరిగాయి అనుకుంటే, 1.14ను 1.16తో భాగించాలి. 0.983 వస్తుంది, అంటే వాస్తవ వేతనం దాదాపు 1.7 శాతం తగ్గింది. శాతాలను నేరుగా తీసివేయడం చిన్న అంకెలకు ఫరవాలేదు, పెద్ద అంకెలకు తప్పుతుంది. వార్షిక రేటును ఏళ్లతో గుణించడం కూడా అటువంటిదే. ఏటా 5 శాతం చొప్పున మూడేళ్లు పెరిగితే మొత్తం 15 శాతం కాదు, 15.76 శాతం.

ఉద్యోగాలు వేగంగా పెరిగే నగరంలో ఇళ్ల అద్దెలు దేశపు సగటు కన్నా ముందుగా పెరుగుతాయి. జాతీయ ధరల సూచీతో సరిచేసిన వేతనం అందువల్ల ఆ నగరవాసి స్థితిని ఎక్కువ చేసి చూపవచ్చు. స్థానిక సూచీ దొరకకపోతే, దొరకలేదని మీ తీర్పులో రాయండి.

నెల వేతనం పెరిగినప్పుడు పని గంటలు పెరిగాయేమో, తగ్గినప్పుడు పాక్షిక సమయపు ఉద్యోగాలు ఎక్కువయ్యాయేమో చూడండి. గంట వేతనం దొరికితే రెండు అనుమానాలూ ఒకేసారి తీరిపోతాయి.

8. “మా వల్లే” అన్న మాటను విడిగా పరీక్షించండి

ఉద్యోగాలు నిజంగా పెరిగాయని, వేతనాలు నిజంగా పెరిగాయని తేలిన తర్వాతే ఈ మెట్టుకు రండి. ఒక విధానం తర్వాత జరిగినది ఆ విధానం వల్లే జరిగిందని చెప్పడానికి, ఆ విధానం లేకపోతే ఏం జరిగి ఉండేదో తెలియాలి. అది ఎవరికీ కనిపించదు కాబట్టి, ఆ విధానం అమలుకాని, మిగతా విషయాల్లో దగ్గరగా ఉన్న నగరాలను చూస్తాం. అక్కడా ఉద్యోగాలు అంతే పెరిగి ఉంటే ఘనత విధానానిది కాదు. పక్క ఊరిలోని కర్మాగారం రాయితీల కోసం ఇక్కడికి మారి ఉంటే, ఈ నగరం లెక్కలో అవి కొత్త ఉద్యోగాలే, ప్రాంతం మొత్తం లెక్కలో సున్నా.

పోలిక నగరాలను ఎంచుకోవడం ఎంత సున్నితమైన పనో అమెరికాలోని మయామీ నగరపు ఉదంతం చెబుతుంది. 1980లో క్యూబా నుంచి దాదాపు 1,25,000 మంది పడవల్లో అమెరికాకు చేరారు. వారిలో సుమారు సగం మంది మయామీలోనే స్థిరపడటంతో ఆ నగరపు శ్రామికుల సంఖ్య దాదాపు 7 శాతం పెరిగింది. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ మయామీని మరో నాలుగు నగరాలతో పోల్చి, నైపుణ్యం తక్కువగా ఉన్న స్థానిక శ్రామికుల వేతనాల మీద గానీ నిరుద్యోగిత మీద గానీ ఈ వలస ప్రభావం దాదాపు కనిపించలేదని 1990లో ప్రకటించాడు. చాలా ఏళ్ల తర్వాత మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ అవే రోజుల అంకెల్లో పాఠశాల చదువు పూర్తిచేయని పురుషులను, అందులోనూ హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) కానివారిని మాత్రమే విడదీసి, వారి వేతనాలు బాగా పడిపోయాయని వాదించాడు. ఆర్థికవేత్తలు మైకేల్ క్లెమెన్స్, జెనిఫర్ హంట్ దానికి బదులిస్తూ, ఆ చిన్న వర్గానికి చెందిన సర్వే నమూనాలో సరిగ్గా ఆ కాలంలోనే నల్లజాతి పురుషుల వాటా పెరిగిందని, వారి సగటు వేతనం తక్కువ కాబట్టి కనిపించిన తగ్గుదలకు ఆ మార్పు కారణం కావచ్చని చూపారు. నిపుణుల మధ్య జరిగిన ఈ చర్చ కూడా చివరికి నాలుగో మెట్టులోని ప్రశ్న దగ్గరికే వచ్చింది: లెక్కలో ఎవరున్నారు?

నమూనా పరిమాణం గురించి ఒక్క మాట. దేశం మొత్తానికి సరిపోయేలా రూపొందించిన సర్వేలో ఒక్కో నగరం నుంచి కొద్దిమందే ఉంటారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందిని అడిగి వచ్చిన శాతం, సగం దగ్గర ఉన్నప్పుడు, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఇటు 5 అటు 5 పాయింట్ల తేడాలో ఉంటుంది. అటువంటి సర్వేలో నిరుడు 48, ఈ ఏడాది 51 అని వస్తే దాన్ని పెరుగుదల అనకూడదు.

9. తీర్పు రాయండి

“ఈ వాదన తప్పు” అని రాయవద్దు, చాలాసార్లు మీకు తెలిసేది అది కాదు. ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు, ఏది తెలిస్తే తేలుతుంది అని మూడు వాక్యాల్లో రాయండి. మొదట ఇచ్చిన వాదనకు తీర్పు ఇలా ఉండవచ్చు: “కొత్తగా 20,000 ఉద్యోగాలు ఏర్పడ్డాయన్న అంకెను అంగీకరించినా, పోయిన ఉద్యోగాల సంఖ్య ఇవ్వనందున నికర పెరుగుదల తెలియదు. సగటు వేతనం 14 శాతం పెరగడం, తక్కువ వేతనపు ఉద్యోగాలు తగ్గడం వల్ల కూడా జరగవచ్చు కాబట్టి, పనిచేసేవారి స్థితి మెరుగుపడిందనే ముగింపు ఈ సాక్ష్యం నుంచి రాదు. రంగాలవారీ ఉద్యోగాలు, వేతనాలు, అదే కాలపు ధరల సూచీ ఇస్తే ఈ ముగింపును పరీక్షించవచ్చు.”

తరచుగా జరిగే పొరపాట్లు

పాఠకులు పంపే విశ్లేషణల్లో ఎక్కువగా కనిపించేది, సందేహాన్నే నిరూపణగా తీసుకోవడం. “పోయిన ఉద్యోగాలు ఎక్కువ ఉండవచ్చు” అని మొదలుపెట్టి, రెండు పేరాల తర్వాత “ఉద్యోగాలు తగ్గిన ఈ నగరంలో” అని రాసేస్తారు. ఎదుటివారి చెప్పని ఊహను ఎత్తిచూపి, దాని స్థానంలో మన ఊహను పెట్టడం విశ్లేషణ కాదు.

రెండోది, వాదన చేసిన వ్యక్తి ఉద్దేశాల గురించి రాయడం. మేయర్ ఎన్నికల కోసమే ఇలా అన్నాడన్నది నిజమే కావచ్చు, కానీ దాని వల్ల సగటు మారదు.

నిరుద్యోగిత రేటు తగ్గడాన్ని ఉద్యోగాలు పెరిగినట్టుగా చదవడం మూడోది. పని వెతికి విసిగి ఆపేసినవారు నిరుద్యోగుల లెక్కలోంచి తప్పుకుంటారు కాబట్టి, ఒక్క ఉద్యోగమూ పెరగకుండానే ఆ రేటు తగ్గవచ్చు. ఆ రేటుతో పాటు జనాభాలో పనిచేస్తున్నవారి శాతాన్ని కూడా చూడాలి.

మీ ఫలితాన్ని సరిచూసుకోవడం

ముందుగా లెక్క: మీరు విడదీసిన వర్గాల ఉద్యోగాలను కూడితే మొత్తం రావాలి, వర్గాల జీతాల బిల్లులను కూడి మొత్తం ఉద్యోగాలతో భాగిస్తే ప్రకటించిన సగటు రావాలి. రాకపోతే ఏదో ఒక వర్గం జారిపోయింది, లేదా రెండు అంకెలు రెండు వేర్వేరు సర్వేలవి.

తర్వాత దిశ: వాదనలోని అంకెలన్నీ అలాగే ఉంచి, ముగింపు నిజమయ్యే ఒక నగరాన్నీ, తప్పయ్యే మరొక నగరాన్నీ నాలుగో మెట్టులో చేసినట్టు చిన్న అంకెలతో కట్టి చూడండి. రెండూ కట్టగలిగితే సాక్ష్యం చాలదన్న మీ తీర్పు సరైనది. తప్పయ్యే నగరాన్ని ఎంత ప్రయత్నించినా కట్టలేకపోతే వాదన మీరు అనుకున్నదానికన్నా బలమైనది, తీర్పును మార్చి రాయండి.

చివరగా, మీ తీర్పులో నగరపు పాలకపక్షం పేరు తీసి ప్రతిపక్షం పేరు పెట్టి మళ్లీ చదవండి. ఒక్క వాక్యమైనా మార్చాలనిపిస్తే, ఆ వాక్యాన్ని కొట్టివేసి, అది ఏ మెట్టు నుంచి వచ్చిందో ఆ మెట్టును మళ్లీ చేయండి.